హేరోదుకు ఒక కుర్చీ

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు ప్రహరీకి ఇవతల ఉన్న నిరీక్షణ ప్రార్థనా మందిరం కార్యవర్గం, అక్టోబరు రెండో ఆదివారం ఆరాధన ముగిశాక సమావేశమై ఈ కింది విషయాన్ని లోతుగా పరిశీలించింది: ముప్పై ఒక్క ఏళ్లుగా, ఏటా డిసెంబరు ఇరవై నాలుగున, రెండేళ్ల లోపు మగపిల్లలందరినీ చంపమని నిండు సభలో ఆజ్ఞాపిస్తూ వస్తున్న బుచ్చయ్య అనే సభ్యుణ్ణి సంఘ పెద్దగా ఎన్నుకోవచ్చునా?

విషయం గంభీరమైనదని అందరూ ఒప్పుకున్నారు. టీ రెండుసార్లు తెప్పించారు.

ఆ సమయంలో బుచ్చయ్య బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపల తన గురించి మాట్లాడుతున్నప్పుడు లోపలికి పోవడం మర్యాద కాదని ఆయనకు తెలుసు. తన గురించి మాట్లాడనప్పుడు కూడా ఆయన నిలబడేది అక్కడే, అది వేరే సంగతి. అరవై రెండేళ్ల మనిషి. ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు మధ్యలో పూలమొక్కలకు ట్యాంకరు పైపుతో నీళ్లు పడతాడు. ఇంట్లో కోడిని కొయ్యాలంటే కత్తి భార్య కౌసల్యమ్మ చేతికిచ్చి తాను గల్లీ చివరిదాకా నడిచొస్తాడు. పసిపిల్లల విషయంలో మాత్రం ఆయన చరిత్ర పైన చెప్పిన విధంగా ఉంది.

తెలియనివారికి ఒక్క మాట. యేసు పుట్టినప్పుడు ఆ దేశాన్ని ఏలుతున్నవాడు హేరోదు. కొత్త రాజు పుట్టాడన్న కబురు విని ఒళ్లు మండి, ఊళ్లో పసివాళ్లందరినీ చంపించాడు. క్రిస్మస్ నాటికలో ఆయన ఉండి తీరాలి. లేకపోతే యోసేపు, మరియ బిడ్డను ఎత్తుకుని ఐగుప్తు దేశానికి పారిపోవడానికి కారణం ఉండదు. అయితే ఎవరు ఏ వేషం వెయ్యాలన్న దానిపై నిరీక్షణ మందిరంలో న్యాయమైన పద్ధతి ఒకటి అమల్లో ఉంది: మంచి పాత్రలు మంచి కుటుంబాలకు, చెడ్డ పాత్ర నటించడం వచ్చినవాడికి.

ఆ పద్ధతి ప్రకారం యోసేపు వేషం ఛైర్మన్ జీవరత్నం గారి కొడుకు నవీన్‌కుమార్‌ది. జీవరత్నం గారు కోస్తా నుంచి వచ్చి, విద్యుత్ శాఖలో పెద్ద ఇంజనీరుగా రిటైరై, మందిరానికి పాలరాయి వేయించినవారు. నవీన్‌కుమార్ తొమ్మిదేళ్లుగా యోసేపుగా నిలబడుతున్నాడు. యోసేపుకు మాటలు లేవు కాబట్టి ఇంతవరకూ ప్రమాదమేమీ జరగలేదు. గబ్రియేలు దూత వేషం సౌండ్ బాక్సులు ఇచ్చిన కుటుంబానిది. ఆ దూత మరియకు శుభవార్త సగం చెప్పి, రెక్కలతోనే కిందికి దిగి, వైరు సరిచేసి, మళ్లీ ఎక్కి మిగతా సగం చెబుతాడు.

సత్రం యజమాని వేషం కార్యదర్శి రవీందర్‌ది. నిండు చూలాలితో వచ్చిన యోసేపును గుమ్మంలో ఆపి 'చోటు లేదు' అనాలి. రెండే మాటలు. పదకొండేళ్లుగా ఆ రెండు మాటలనూ తెర వెనక నుంచి అందిస్తున్నది బుచ్చయ్యే, ఒక చేత్తో హేరోదు గడ్డం అంటించుకుంటూ. ఒక ఏడు జిగురు అంటుకోక ఆయన అందించడం ఆలస్యమైతే, రవీందర్ కంగారులో 'రండి, కూర్చోండి' అనేశాడు. యోసేపు, మరియ వెళ్లి కూర్చున్నారు కూడా. ఆ ఏడు రక్షకుడు పశువులపాకలో కాక సత్రంలో ఫ్యాను కింద పుట్టవలసింది. సగం గడ్డంతో స్టేజీ మీదికొచ్చి, సత్రం జీతగాణ్ణని చెప్పి, వాళ్లను లేపి బయటికి పంపి వాక్యాన్ని నిలబెట్టింది బుచ్చయ్యే. దీనికి ఆయనను ఎవరూ మెచ్చుకోలేదు. దంపతులతో దురుసుగా ప్రవర్తించాడని మాత్రం అనుకున్నారు.

ఇక హేరోదు ప్రవేశం. కందుకూరు వైపు నుంచి హార్మోనియం పట్టుకొచ్చి పౌరాణిక నాటకాలు నేర్పే సోమయ్య పంతులు, వెనకటికి బుచ్చయ్య గొంతు విని ముచ్చటపడి, రాసిచ్చిన పద్యం ఒకటుంది. మొదటి రెండు పాదాలు ఇవి:

నేను రాజు నిచట నేలకు నింగికిన్
పాకలోన పుట్టు పాపడెవడు!

సోమయ్య పంతులు ఈ పద్యం రాసేనాటికి నింగి ఖాళీగా ఉండేది. తర్వాత ఎయిర్‌పోర్టు వచ్చింది. రన్‌వే మీద లేచిన ప్రతి విమానమూ మందిరం కప్పు మీదుగానే పోతుంది. విమానం వస్తే మిగతా పాత్రలు మాటలు మింగేస్తాయి. బుచ్చయ్య అట్లా కాదు. 'నింగికిన్' దగ్గర రాగం అందుకుని, మీసం మీద చెయ్యి వేసి, తల పైకెత్తి, పోయే విమానాన్ని తన భటుణ్ణి చూసినట్టు చూస్తూ, అది మబ్బుల్లో కలిసేదాకా లాగుతాడు. చప్పుడు సద్దుమణిగిన క్షణంలో 'పాకలోన' అని మెల్లగా దించుతాడు. ఒళ్లు గగుర్పొడుస్తుంది. రోడ్డు మధ్యలో మొక్కల నడుమ, విమానాల కింద, ఏళ్ల తరబడి సాధన చేసిన విద్య అది.

అప్పుడు వెనక చాపల మీద కూర్చున్న పల్లె జనం ఊరుకోరు. నాటకాలు చూసి పెరిగిన నోళ్లు. 'వన్స్‌మోర్' అంటారు. ముందు కుర్చీల్లోని కాలనీవాళ్లు కూడా కాసేపు తటపటాయించి 'వన్స్‌మోర్' అంటారు. హేరోదు మళ్లీ పాడతాడు. పోయిన ఏడు మూడుసార్లు పాడాడు. అంటే, కార్యవర్గం పరిశీలన ప్రకారం, సంఘ సభ్యులు పసిపిల్లల సంహారాన్ని ముచ్చటపడి మూడుసార్లు చేయించుకున్నారు; దూత చెప్పిన శుభవార్తను ఒక్కసారి కూడా మళ్లీ చెప్పమనలేదు. ఈ అంశం మినిట్స్‌లో ప్రత్యేకంగా నమోదైంది.

అట్లాంటి మనిషికి సంఘ పెద్ద కావాలన్న ఆశ ఎందుకు పుట్టిందంటే, కుర్చీ కోసం. మందిరంలో ముందు వరసలో పెద్దలకు చేతులున్న టేకు కుర్చీలు ఏడు ఉన్నాయి. వాటిలో ఒకటి, ఒక పెద్దాయన బుద్వేల్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోవడంతో ఖాళీ అయింది. పాత పల్లెవాళ్లలో ఇప్పుడు వయసుకు పెద్ద బుచ్చయ్య. మందిరం మొదటి గోడకు మట్టి తొక్కింది ఆయన తండ్రి. గోడ పోయి పాలరాయి వచ్చాక పల్లె నుంచి ఒక్కరూ ఆ కుర్చీల్లో కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. పెద్దల భార్యలకు పక్కనే మామూలు కుర్చీ వేస్తారు. కౌసల్యమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. చాప మీద నుంచి ఆమెను లేపాలంటే ఇద్దరు పట్టాలి. పైగా ముప్పై ఒక్క క్రిస్మస్‌లలో మొగుడూ పెళ్లామూ ఒక్కసారీ పక్కపక్కన కూర్చోలేదు. ఆయన తెర వెనక, ఆమె చాపల చివర. ఈ రెండు కుర్చీల కోసం ఆయన తెల్ల కాగితం మీద దరఖాస్తు పెట్టుకున్నాడు.

దరఖాస్తు మీద జీవరత్నం గారు చేసిన ప్రసంగం ఆ మందిర చరిత్రలో నిలిచిపోతుంది.

"సోదరులారా! కళ వేరు, సాక్ష్యం వేరు అని కొందరంటారు. నేను కళకు వ్యతిరేకిని కాను. మా ఇంట్లో పియానో ఉంది. కానీ ఒక మనిషి మీసం మెలేసి, తొడ చరిచి, పసివాళ్లను నరకండి అని అంత నమ్మకంగా ఎట్లా అరవగలడు? లోపల లేనిది బయటికి వస్తుందా? మా నవీన్ తొమ్మిదేళ్లు యోసేపుగా నిలబడ్డాడు. ఒక్క ఏడైనా వాడి ముఖంలో ఏ భావమైనా మీరు చూశారా? అదండీ పవిత్రత అంటే!"

కోశాధికారి లలితకుమారి గారు సాక్ష్యం చెప్పారు. "బుచ్చయ్య ముద్దు చెయ్యబోతే మా మనవడు గుక్కపట్టి ఏడ్చాడండీ. చిన్నపిల్లలకు తెలిసిపోతుంది." ఆ మనవడు సంఘంలో అందరికీ ఏడుస్తాడు, పాస్టరు అయ్యగారు బాప్తిస్మం ఇచ్చినప్పుడైతే కరిచాడు. కానీ చర్చనీయాంశం అది కాదు.

బుచ్చయ్యను లోపలికి పిలిచారు.

"హేరోదును నువ్వు అంత బాగా ఎందుకు చేస్తున్నావు?" అని ఛైర్మన్ గారు సూటిగా అడిగారు.

బుచ్చయ్య తలగోక్కున్నాడు. "ఏషం కట్టినంక జర మంచిగ జెయ్యాలె గద సారూ. హేరోదు గట్టిగుంటెనే గద, గంత పెద్ద రాజు చేతులకెల్లి గా పసిపిలగాడు బతికి బయటపడ్డడు అని మనకు సంతోషమయ్యేది. హేరోదు మెత్తగుంటె యేసయ్య దేన్కెల్లి తప్పిచ్చుకున్నట్టు?"

సమాధానం సంతృప్తికరంగా లేదని నమోదైంది. అయినా కార్యవర్గం దయ గలది కాబట్టి ఒక మార్గం చూపింది. బుచ్చయ్య హేరోదును శాశ్వతంగా వదులుకుంటే కుర్చీ ఇవ్వవచ్చు. నోటిమాటగా కాదు, స్టాంపు కాగితం మీద.

ఆ కాగితం ఇట్లా ఉంది: 'నేను స్వయముగా గానీ, భటుల ద్వారా గానీ ఇంతవరకు ఏ శిశువునూ చంపించలేదనియు, ఇకమీదట చంపించబోననియు, సదరు పద్యమును స్టేజీ మీద గానీ, ఇంటి వద్ద గానీ, మొక్కల వద్ద గానీ పాడననియు, నా పూర్తి స్పృహతో వ్రాసి ఇచ్చుచున్నాను.' నోటరీ దాన్ని రెండుసార్లు చదివి, బుచ్చయ్య ముఖం చూసి, ఏ పోలీస్ స్టేషన్ కేసని అడిగి, ముద్ర వేశాడు.

ఇంటికొచ్చాక కౌసల్యమ్మ అడిగింది. "ఇగ పాడవా?"

"పాడ."

"మొక్కలకాడ గూడనా?"

"రాసిచ్చిన గదనే."

మీసం, గడ్డం దాచిన బిస్కెట్ డబ్బా తీసి, దుమ్ము తుడిచి, అటక మీద పెట్టించింది. కుర్చీ వస్తున్నందుకు ఆమెకు సంతోషంగానే ఉంది. ఆయనకు మాత్రం ఏడుపొచ్చింది. మరునాడు మొక్కలకు నీళ్లు పడుతుంటే నెత్తి మీదుగా విమానం పోయింది, గొంతు దానంతటదే లేచింది, ఆయన పళ్లు బిగించి మింగేశాడు. ఆ రోజు ఒక్కో మొక్కకు రెండింతల నీళ్లు పోశాడు.

తర్వాతి ఆదివారం ఆయన 'బుచ్చయ్య గారు' అయ్యారు. మినిట్స్‌లో కూడా అట్లాగే రాశారు.

ఇప్పుడు నాటిక సంగతి. హేరోదు వేషానికి ముందుకొచ్చిన వాళ్లెవరూ లేరు. ఆ వేషం వేస్తే ఏమవుతుందో అందరూ చూశారు కదా. అందువల్ల కార్యవర్గం నాటికనే సంస్కరించింది. కొత్త ప్రతిలో హేరోదు మారుమనసు పొందుతాడు. కొత్త రాజు పుట్టాడని విని, ఒక క్షణం బాధపడి, వెంటనే తేరుకుని, శుభాకాంక్షలు పంపుతాడు. సంహారం రద్దు. భటులుగా వేసే పల్లె పిల్లలూ రద్దు. మరి యోసేపు కుటుంబం ఐగుప్తుకు ఎందుకు పోవాలని అయ్యగారు సందేహపడ్డారు. గాలి మార్పు కోసం అని తీర్మానించారు. పక్కనే ఎయిర్‌పోర్టు ఉన్న సంఘం కాబట్టి ఇది ఎవరికీ అసహజమనిపించలేదు.

హేరోదు మంచివాడయ్యాడని తెలియగానే ఆ వేషానికి ముగ్గురు పెద్దలు పోటీపడ్డారు. పద్ధతి ప్రకారం ఇప్పుడది మంచి కుటుంబానికి చెందవలసిన పాత్ర. కొంత చర్చ తర్వాత జీవరత్నం గారు త్యాగబుద్ధితో తామే అంగీకరించారు.

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం మందిరం కిటకిటలాడింది. ముందు వరసలో ఏడో కుర్చీలో బుచ్చయ్య, తెల్ల చొక్కాలో, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో కౌసల్యమ్మ. ఆమె కాళ్లు నేలకు ఆనించి కూర్చుని, మాటిమాటికీ వెనక చాపల వైపు తిరిగి చూసింది, అక్కడి నుంచి స్టేజీ ఎంత చిన్నగా కనపడేదో ఆమెకు ఇప్పుడే తెలిసింది. దూత దిగి ఎక్కాడు. సత్రం దగ్గర రవీందర్ నోరు తెరిచి అట్లాగే ఉండిపోతే, బుచ్చయ్య పెద్దల కుర్చీలో నుంచే పెదవులు కదిపి 'చోటు లేదు' అందించాడు. అక్కడిదాకా అంతా సవ్యంగా జరిగింది.

సూటు మీద కిరీటంతో హేరోదు ప్రవేశించి, చేతిలో ఫోన్ చూసి చదివాడు. "బెత్లెహేములో శిశువు జన్మించినట్లు మా దృష్టికి వచ్చినది. అందులకు మేము మొదట విచారించి, పిమ్మట హర్షం వ్యక్తం చేయుచున్నాము..."

విమానం వచ్చింది. పెద్దది. హేరోదు హర్షం ఎవరికీ వినపడలేదు. ఆయన ఆగాడు. ఆగినంతలో ఫోన్ తెర ఆరిపోయింది. కిరీటం జారుతుండగా ఆయన అద్దాలు వెతుక్కుంటున్నాడు. చాపల్లో నుంచి ఎవరో ముసలమ్మ అరిచింది: "బుచ్చన్నా! పద్యం!" ఇంకో గొంతు కలిసింది. పిల్లలు కలిశారు. నెత్తి మీద విమానం మోత పతాకానికి చేరింది. సరిగ్గా 'నింగికిన్' వేళ.

తాను ఎప్పుడు లేచాడో బుచ్చయ్యకు తెలియదు. ఆ రాగం బయటికి రాకుంటే గుండె పగిలిపోయేదని తర్వాత ఒప్పుకున్నాడు. మీసం లేదు, గడ్డం లేదు, తెల్ల చొక్కా. పెద్దల కుర్చీ ముందు నిలబడి, తల పైకెత్తి, విమానాన్ని అందుకుని దానితోపాటు పైకి పోయాడు. అది మబ్బుల్లో కలిశాక మెల్లగా దిగి, 'పాకలోన పుట్టు పాపడెవడు' అని స్టేజీ మీద ఉయ్యాల వైపు చూశాడు. మందిరంలో తల్లులందరూ తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. రద్దయిన భటులు ముగ్గురు చాపల మీద నుంచి లేచి, కత్తులు లేకుండానే బయల్దేరారు. గాలి మార్పుకు పోవలసిన యోసేపు తెల్లబోయి, బొమ్మను చంకనేసుకుని, మరియ చెయ్యి పట్టుకుని నిజంగా పరుగెత్తాడు. ఇన్నేళ్లలో నవీన్‌కుమార్ ముఖంలో భావం కనిపించింది ఆ ఒక్కసారే.

'వన్స్‌మోర్' అన్నారు. నాలుగుసార్లు పాడాడు. జీవరత్నం గారు కిరీటం చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టారు. లలితకుమారి గారి మనవడు కేరింతలు కొడుతూ బుచ్చయ్య మీదికి చేతులు చాచాడు. అయ్యగారు 'హల్లెలూయ' అన్నారు, దేనికన్నారో ఆయనకే తెలియదు. ఆ రాత్రి అందరూ సంతోషంగా కేకు తిన్నారు. కౌసల్యమ్మ కుర్చీలో నుంచి తనంతట తానే లేచింది.

ఇరవై ఏడో తేదీన కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. పరిస్థితి అక్టోబరు నాటి కంటే విషమించిందని గుర్తించింది. ఇంతకాలం సంహారానికి ఆజ్ఞ ఇచ్చినవాడు ఒక మామూలు సభ్యుడు; ఈసారి సాక్షాత్తు సంఘ పెద్ద, పెద్దల కుర్చీ దగ్గర నిలబడి, నాలుగుసార్లు ఇచ్చాడు. మారుమనసు పొందిన హేరోదును అందరి ముందూ వెనకకు లాగాడు. స్టాంపు కాగితం ఉల్లంఘన సరేసరి. తొలగించాలన్న తీర్మానానికి అనుకూలంగా అందరూ చేతులెత్తారు. ఎత్తిన చేతులన్నీ మూడు రోజుల కింద చప్పట్లు కొట్టినవే. మినిట్స్‌లో 'గారు' కొట్టేసి పక్కన ఛైర్మన్ గారు పొట్టి సంతకం చేశారు.

కొత్త సంవత్సరం ఆరాధనకు బుచ్చయ్య, కౌసల్యమ్మ ఎప్పటిలాగే నడిచి వచ్చారు. ఆమె ఆయన భుజం పట్టుకుంది. మందిరంలో చాపలు తీసేశారు. కొత్త ఏడాది నుంచి అన్నీ కుర్చీలే, కుర్చీ కుర్చీకి కుటుంబం పేరు అంటించి ఉంది. పల్లెవాళ్లు కొందరు కిటికీల దగ్గర నిలబడ్డారు. ముందు వరసలో ఏడో టేకు కుర్చీ, దాని పక్కన మామూలు కుర్చీ ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. గుమ్మంలో రవీందర్ బ్యాడ్జీ పెట్టుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి తలుపు మీద ఆనించి, ఇద్దరినీ పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"చోటు లేదు" అన్నాడు.

ఎవరూ అందించలేదు. తడబాటు లేదు. ఆ చెయ్యి, ఆ చూపు, ఆ గొంతు, అన్నీ ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. పదకొండేళ్లు ఆ మాట నేర్పిన బుచ్చయ్య ఒక్క క్షణం తన కష్టం మరిచిపోయి కళాకారుడిగా అబ్బురపడ్డాడు.

"మంచిగ చెప్పినవ్ రవీందరన్నా" అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత కౌసల్యమ్మను మెల్లగా మెట్లు దింపి, చెప్పుల పక్కన గట్టు మీద కూర్చోబెట్టాడు.

లోపల కుర్చీల్లో ఉన్నవాళ్లం అందరం చూశాం. ఒక్కరమూ 'వన్స్‌మోర్' అనలేదు. అడిగి వేయించుకోవలసిన సీను కాదది. మనం అడగకపోయినా రోజూ వేస్తూనే ఉంటారు.